విమానం ఎక్కని విద్యార్థికి విదేశీ పాఠం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో ఒక పాఠకునికి జవాబు చెబుతూ, అమెరికాలోని కమ్యూనిటీ కాలేజీలు తమ రోజువారీ పాఠాల్లోకే ఇతర దేశాల సంగతులను తెచ్చుకుంటున్నాయని, మన జిల్లాల డిగ్రీ కాలేజీలు, పాలిటెక్నిక్‌లు కూడా ఆ పని చేయవచ్చునని రెండు మాటలు రాశాను. ఆ రెండు మాటలకు హనుమకొండ మొదలుకొని జగిత్యాల దాకా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపి ఆరింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. ముప్పై ఏళ్ళ పాటు ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో అర్థశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి కనుక నా ఉదాహరణలు మార్కెట్ యార్డు వైపు ఒరుగుతాయి, పాఠకులు మన్నించాలి.

*ప్రశ్న: కమ్యూనిటీ కాలేజీ అంటే మన జూనియర్ కాలేజీ లాంటిదా? మన దేశంలో అలాంటివి ఉన్నాయా?*
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, పరకాల

పేరులో పోలిక ఉన్నా జూనియర్ కాలేజీ కాదు. అమెరికాలో పన్నెండో తరగతి తర్వాత రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ ఇచ్చే స్థానిక కాలేజీని కమ్యూనిటీ కాలేజీ అంటారు. ఇలినాయ్ రాష్ట్రంలోని జోలియట్‌లో 1901లో మొదలైన జూనియర్ కాలేజీని ఈ కోవలో మొదటి ప్రభుత్వ కాలేజీగా చెబుతారు. ట్రూమన్ అధ్యక్షుడు నియమించిన ఉన్నత విద్యా కమిషన్ 1947లో ఇచ్చిన నివేదికతో 'కమ్యూనిటీ కాలేజీ' అన్న పేరు స్థిరపడింది. వీటిలో ప్రవేశానికి వడపోత తక్కువ, ఫీజు తక్కువ. నర్సింగు, వెల్డింగు వంటి పనులు నేర్చుకునేవారు, రెండేళ్ళ తర్వాత విశ్వవిద్యాలయంలో మూడో ఏటికి మారేవారు ఒకే ప్రాంగణంలో ఉంటారు. పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం తరగతికి వచ్చేవారు, పిల్లల తల్లులు, నిన్నగాక మొన్న వలస వచ్చినవారు పక్కపక్కనే కూర్చుంటారు.

మన దేశంలో ఆ పేరుతో పాండిచ్చేరిలో 1995లోను, మద్రాసులో 1996లోను కాలేజీలు మొదలయ్యాయి. తర్వాత 12వ పంచవర్ష ప్రణాళిక కాలంలో యూజీసీ ఒక పథకం పెట్టి, ఉన్న కాలేజీల్లోనే నైపుణ్య కోర్సులకు ఆ పేరు ఇచ్చింది. అయితే పేరును పక్కనబెట్టి పనిని చూస్తే, మన పట్టణాల్లోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీయే వాటికి అసలైన చుట్టం. ఇంటి నుంచి వచ్చి పోయే విద్యార్థులు, కుటుంబంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవారు, చదువుతో పాటు కూలికో దుకాణానికో వెళ్ళేవారు అక్కడా ఇక్కడా ఒకరే.

*ప్రశ్న: సిలబస్ విశ్వవిద్యాలయం ఇస్తుంది. అయిదు యూనిట్లు పూర్తి చేయడానికే మాకు సెమిస్టర్ చాలదు. విద్యార్థుల్లో ఎక్కువమంది తండాల నుంచి, పల్లెల నుంచి బస్ పాస్ మీద వచ్చేవారు. మా ప్రిన్సిపాల్ గారేమో గ్లోబల్ లెర్నింగ్ పెట్టి తీరాలంటున్నారు. దాన్ని ఎక్కడ పెట్టను?*
ఒక అర్థశాస్త్ర అధ్యాపకురాలు, జనగామ

ఆరో యూనిట్‌గా మాత్రం పెట్టకండి. పరీక్షలో రాని యూనిట్‌ను విద్యార్థి చదవడు, చదవమనే హక్కు మనకూ లేదు. ఉన్న అయిదు యూనిట్లలోనే, ఇప్పటికే ప్రపంచంతో ముడిపడి ఉన్న చోటు ఒకటి వెతికి, అక్కడ రెండు మూడు గంటలు నిలబడండి. మీది అర్థశాస్త్రం కనుక ఆ చోటు మీకు తేలికగా దొరుకుతుంది: ధరల నిర్ణయం.

నేను చివరి కొన్నేళ్ళు చేసిన పని చెబుతాను. విద్యార్థుల్లో పత్తి పండించే ఇళ్ళవాళ్ళను ముందు వరుసలో కూర్చోబెట్టి, నిన్న వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో క్వింటాల్ ఎంత పలికిందో చెప్పమనేవాణ్ణి. ధర చెప్పగానే, అది ఎవరు నిర్ణయించారని అడిగేవాణ్ణి. అడ్తిదారు అని కొందరు, ఖరీదుదారు అని కొందరు, సీసీఐ (మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) అని కొందరు అనేవారు. అప్పుడు బోర్డు మీద లెక్క మొదలయ్యేది. న్యూయార్క్ ఫ్యూచర్స్ మార్కెట్‌లో (రాబోయే నెలల సరుకుకు ముందే ధర కుదిరే చోట) దూది ధరను పౌనుకు ఇన్ని సెంట్లు అని చెబుతారు. అది 70 సెంట్లు అనుకుందాం. కిలోకు 2.2 పౌన్లు కనుక కిలో దూది సుమారు ఒక డాలరు 54 సెంట్లు. మనం అమ్మేది దూది కాదు, గింజతో ఉన్న పత్తి. క్వింటాల్ పత్తిని జిన్నింగ్ మిల్లులో ఆడిస్తే సుమారు 34 కిలోల దూది వస్తుంది. అంటే 52 డాలర్ల చిల్లర. డాలరుకు 85 రూపాయల చొప్పున దాదాపు 4,450 రూపాయలు. తరుగు పోగా మిగిలిన 64 కిలోల గింజను కిలో 32 రూపాయలకు కట్టుకుంటే మరో రెండు వేలు. మొత్తం ఆరున్నర వేలు. జిన్నింగ్ ఖర్చు, రవాణా, మిల్లు లాభం ఇంకా తీయలేదు.

ఇంతవరకు వచ్చాక 2025-26కి పొడుగు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర పక్కన రాసేవాళ్ళం అనుకోండి: 8,110 రూపాయలు. రెండింటి నడుమ పదహారు వందల దూరం. సీసీఐ కేంద్రం ముందు ట్రాక్టర్లు ఎందుకు బారులు తీరతాయో, పన్నెండు శాతం తేమ దాటిందని వెనక్కి పంపితే రైతు గుండె ఎందుకు జారిపోతుందో ఆ పదహారు వందల్లో ఉంది. 2025 ఆగస్టు 19 నుంచి డిసెంబరు 31 దాకా పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకాన్ని ప్రభుత్వం ఎందుకు ఎత్తివేసిందో, అందువల్ల నూలు మిల్లుకు ఏమి కలిసివచ్చిందో, జనగామ రైతు ఎందుకు కలవరపడ్డాడో చర్చించడానికి మరో గంట చాలు. ఇక్కడ వేసిన సెంట్లు, డాలరు రేటు, గింజ ధర నేను లెక్క కోసం అనుకున్నవి. మీరు తరగతికి వెళ్ళిన రోజు ధరలు వేసుకోండి. లెక్క విద్యార్థే కట్టాలి, మీరు కట్టి చూపించవద్దు.

ఇది మీ సిలబస్‌లో ఉన్న పాఠమే. గిరాకీ, సరఫరా, మారకపు రేటు, కనీస మద్దతు ధర అన్నీ ఇందులోనే వచ్చాయి. పైగా పాఠం ఇక్కడే ఆగనక్కరలేదు. అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చే సబ్సిడీల మీద బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసి గెలిచింది. చివరికి 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు చెల్లించేలా ఒప్పందం కుదిరింది. బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలీ అనే నాలుగు ఆఫ్రికా దేశాలు 2003లో ఇదే గోడు ఆ సంస్థ ముందు పెట్టుకున్నాయి. మాలీ రైతుకు, రఘునాథపల్లి రైతుకు ఒకే బాధ ఉందని తెలిసిన విద్యార్థికి ఆఫ్రికా అంటే అట్లాసులో రంగు కాదు.

మీ విద్యార్థుల్లో పత్తి ఇళ్ళు లేకపోతే గల్ఫ్ ఇళ్ళు ఉంటాయి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ కాలేజీల వారికి ఇది మరీ దగ్గర. దుబాయి దిర్హామ్‌ను 1997 నుంచి డాలరుకు 3.6725 చొప్పున కట్టివేశారు. కనుక తండ్రి నెలకు పంపే వెయ్యి దిర్హాములు డాలరు 80 రూపాయలున్నప్పుడు ఇంటికి 21,784 అయితే, 85 అయినప్పుడు 23,145 అవుతాయి. రూపాయి పడిపోయిందని పత్రికలు విచారించిన రోజునే జగిత్యాలలో ఒక ఇంట్లో కరెంటు బిల్లు తేలికగా కట్టారు. ఆ ఇంటి అమ్మాయి ఈ లెక్క చెబుతుంటే తరగతి మొత్తం వింటుంది, నేను చూశాను. అయితే ఆమెను అడిగే ముందు ఆమె ఇష్టం కనుక్కోండి. తండ్రి గల్ఫ్‌లో ఉన్నాడని నలుగురిలో చెప్పుకోవడం అందరికీ సులువు కాదు. కొందరి తండ్రుల నుంచి ఫోన్లు రావడం మానేసి ఉంటాయి.

*ప్రశ్న: టెక్సాస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీలో పనిచేసే మా బంధువు ద్వారా అక్కడి అధ్యాపకురాలు పరిచయమయ్యారు. రెండు తరగతులను ఆన్‌లైన్‌లో కలుపుదామంటున్నారు. మా పిల్లలు ఇంగ్లిష్‌లో నోరు విప్పరు. ఇంటర్నెట్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఒప్పుకోమంటారా?*
ఒక ఇంగ్లిష్ అధ్యాపకుడు, నర్సంపేట

ఒప్పుకోండి, కానీ ముందుగా ఆమెతో మీరు నాలుగుసార్లు మాట్లాడుకోండి. రెండు తరగతులను కెమెరా ముందు కూర్చోబెట్టి 'హలో' చెప్పించడం ఎక్స్‌ఛేంజ్ కాదు, పెళ్ళిచూపులు. ఈ పద్ధతికి 2006లో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయం ఒక కేంద్రాన్ని పెట్టి, కాయిల్ (కొలాబరేటివ్ ఆన్‌లైన్ ఇంటర్నేషనల్ లెర్నింగ్) అనే పేరుతో ఊతమిచ్చింది. దాని సారం ఒక్కటే: రెండు దేశాల్లోని ఇద్దరు అధ్యాపకులు తమ తమ సిలబస్‌లో కలిసే ఒక ముక్కను పట్టుకుని, అయిదారు వారాల పాటు నడిచే ఉమ్మడి పనిని తయారుచేస్తారు. రెండు వైపుల విద్యార్థులు కలిస్తే తప్ప ఆ పని పూర్తి కాకూడదు. ఎవరి మార్కులు వారి కాలేజీయే వేస్తుంది కనుక విశ్వవిద్యాలయ అనుమతుల తలనొప్పి లేదు. మీరు ఇంటర్నల్ అసైన్‌మెంట్ కింద చూపుకోవచ్చు.

ముందు గడియారం సంగతి తేల్చుకోండి. టెక్సాస్‌కు, మనకు శీతాకాలంలో పదకొండున్నర గంటల తేడా, వేసవిలో పదిన్నర. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు తిప్పుతారు. దీన్ని పట్టించుకోక నేను ఒకసారి నవ్వులపాలయ్యాను. సాయంత్రం ఏడున్నరకు మొదలు కావలసిన ఉమ్మడి తరగతి కోసం, ఇళ్ళకు పోకుండా ఆగిన ఇరవై ఇద్దరు విద్యార్థులకు మిర్చి బజ్జీలు తెప్పించి, ప్రొజెక్టర్ వేసి లింకు తెరిస్తే అవతల ఎవరూ లేరు. ఆ వారమే వారి గడియారం మారింది. మాకోసం ఉదయం ఎనిమిదికి వచ్చి కూర్చున్నవారు, మా ఆరున్నర నుంచి ఏడుంబావు దాకా ఎదురుచూసి తరువాతి క్లాసుకు వెళ్ళిపోయారు. తప్పు ఎవరిదని తేల్చుకునే లోపు నర్సంపేట చివరి బస్సు కూడా వెళ్ళిపోయింది. ఇద్దరు ఆడపిల్లలను వారి తండ్రులు బైకుల మీద వచ్చి తీసుకువెళ్ళారు. మరుసటి వారం ఆ ఇద్దరూ రాలేదు.

అందుకని సాయంత్రం వద్దు. శనివారం ఉదయం ఎనిమిది గంటలు పెట్టుకోండి. శీతాకాలంలో అక్కడ శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర. కమ్యూనిటీ కాలేజీల్లో సాయంత్రపు తరగతులు మామూలే కనుక వారికి ఇబ్బంది తక్కువ. అలా ముఖాముఖి కలిసేది కూడా మొత్తం పనిలో రెండుసార్లు చాలు, ఒకటి మొదట్లో, ఒకటి చివర. నడుమ పని అంతా ఎవరి వీలునుబట్టి వారు చేసుకునే ఉత్తరాలు, ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లుగా ఉండాలి. సిగ్నల్ ఉన్నప్పుడు పంపి, లేనప్పుడు రాసి పెట్టుకునే పద్ధతి మన పిల్లలకు ఎలాగూ అలవాటే. వాట్సాప్‌లో అపరిచితులతో నంబర్లు పంచుకోవడం ఆడపిల్లలకు చిక్కులు తెస్తుంది కనుక, కాలేజీ ఈమెయిల్‌తో తెరిచే ఉమ్మడి ఫోల్డర్ ఒకటి పెట్టండి.

ఇంగ్లిష్ గురించి మీరు పడుతున్న దిగులు సగం మనదే, పిల్లలది కాదు. అవతలి తరగతిలో స్పానిష్ ఇంట్లో మాట్లాడేవారు, ఇంగ్లిష్ రెండో భాషగా నేర్చుకుంటున్నవారు కూర్చుని ఉండే అవకాశం టెక్సాస్‌లో చాలా ఎక్కువ. మన విద్యార్థి తెలుగులో ఆలోచించి, తెలుగులో రాసుకుని, ఆ తర్వాత నాలుగు ఇంగ్లిష్ వాక్యాలు రాస్తే తప్పేమీ లేదు. ఆ తెలుగు ప్రతిని కూడా ఫోల్డర్‌లో పెట్టనివ్వండి. నేను చూసిన ఒక జంటలో, మన అమ్మాయి 'ఏరుడు' అన్న మాటకు ఇంగ్లిష్ దొరక్క, పత్తి కాయ మీద ఐదు వేళ్ళు ఎలా పడతాయో, కాయ తొడిమ మొన గోరు సందులో ఎలా గుచ్చుకుంటుందో చూపిస్తూ నలభై సెకన్ల వీడియో పంపింది. అవతలి యువకుడు తమ పొలంలో పత్తి ఏరే యంత్రం వీడియో పంపి, 'మరి మీ దగ్గర ఎన్నిసార్లు ఏరుతారు?' అని అడిగాడు. మూడు నాలుగుసార్లు అని ఈమె, ఒక్కసారే అని అతడు. ఒక్కసారే ఎందుకు, చెట్టు మీద కాయలన్నీ ఒకేసారి పగులుతాయా అని ఈమె తిరిగి అడిగింది. కోతకు ముందు మందు కొట్టి ఆకు రాలుస్తామని అతడు చెప్పాడు. ఇంగ్లిష్ పుస్తకంలోని ఏ పాఠమూ ఆమెచేత అన్ని ప్రశ్నా వాక్యాలు రాయించి ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. అవతలివారు పంపే ప్రశ్నపత్రంలో మన విద్యార్థుల పేదరికం మీదే ప్రశ్నలు ఉంటే, అన్నే ప్రశ్నలు వారి గురించి కూడా ఉండాలని అడగండి. వరంగల్ పత్తి అనగానే 1997-98 నాటి రైతుల ఆత్మహత్యలు గుర్తుకు వస్తాయి, రావాలి కూడా. కానీ అప్పు గురించి మన విద్యార్థి చెబితే, చదువు అప్పు గురించి, వైద్యం బిల్లుల గురించి అవతలి విద్యార్థి కూడా చెప్పాలి. ఒకరు వస్తువు, మరొకరు చూసేవారు అయ్యే చోట నేర్చుకునేది ఎవరూ లేరు.

*ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నాన్న గల్ఫ్‌లో ఉంటారు. అమెరికా కమ్యూనిటీ కాలేజీలో ఏడాది ఉచితంగా చదివించే ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రాం ఉందని, నలభై వేలు కడితే సీటు ఖాయమని ఒక ఏజెంటు అంటున్నాడు. కట్టమంటారా సార్?*
ఒక విద్యార్థి, జగిత్యాల జిల్లా

కట్టవద్దు తమ్ముడూ. ఉచిత ప్రోగ్రాంకు నలభై వేలు ఎందుకని అతణ్ణే అడుగు. అమెరికా ప్రభుత్వం నిధులిచ్చే కమ్యూనిటీ కాలేజీ ఇనిషియేటివ్ అనే ప్రోగ్రాం ఉన్నమాట నిజమే. అందులో ఒక విద్యా సంవత్సరం అక్కడ చదివి, పని అనుభవం పొంది, సర్టిఫికెట్‌తో తిరిగి రావాలి, డిగ్రీ రాదు. మన దేశం నుంచి కూడా విద్యార్థులు వెళ్ళారు. ఏ ఏడాది అది నడుస్తుందో, ఏ దేశాలకు అవకాశం ఉందో మారుతుంది కనుక ఢిల్లీలోని యూసిఫ్ (యునైటెడ్ స్టేట్స్-ఇండియా ఎడ్యుకేషనల్ ఫౌండేషన్) సంస్థ వెబ్‌సైట్‌లో మాత్రమే చూడు. హైదరాబాద్‌లోనూ దానికి కార్యాలయం ఉంది. దరఖాస్తుకు డబ్బు అడగరు, ఏజెంట్లు ఉండరు. 1950లో రెండు ప్రభుత్వాల ఒప్పందంతో మొదలైన ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్‌లను నడిపేది కూడా ఆ సంస్థే, కానీ వాటిలో మాస్టర్స్‌కు ఇచ్చే దానికి డిగ్రీ తర్వాత మూడేళ్ళ ఉద్యోగ అనుభవం అడుగుతారు కనుక అది నీకు ఇప్పుడే పనికిరాదు. ప్రభుత్వ నిధులతో ఎక్స్‌ఛేంజ్ వీసా మీద వెళ్ళినవారు తిరిగి వచ్చి రెండేళ్ళు సొంత దేశంలో ఉండాలన్న నిబంధన ఉంటుంది. అక్కడే ఉండిపోవచ్చని నీ చెవిలో ఎవరైనా ఊదితే నమ్మకు.

ఇప్పుడు చేయగలిగింది పాస్‌పోర్టు. కరీంనగర్‌లో పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది, మామూలు ఫీజు 1,500 రూపాయలు. ఆధార్, పదో తరగతి మెమో, నాన్న పాస్‌పోర్టు మూడింటిలోనూ మీ ఇంటిపేరు అక్షరాలు ఒకేలా ఉన్నాయో లేదో ముందు సరిచూసుకో. మన జిల్లాల్లో చాలా దరఖాస్తులు అక్కడే ఆగుతాయి. డిగ్రీలో అరవై శాతం దాటితే, కుటుంబ వార్షిక ఆదాయం అయిదు లక్షల లోపు ఉంటే, విదేశాల్లో పీజీకి రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే ఓవర్సీస్ విద్యానిధి ఉంది. 20 లక్షల దాకా ఇస్తారు. దానికి నీ చేతిలో ఇంకా ఏడాదిన్నర ఉంది.

*ప్రశ్న: మాది అటానమస్ (సిలబస్, పరీక్షలు సొంతంగా పెట్టుకునే) కాలేజీ. ఒక విదేశీ కమ్యూనిటీ కాలేజీతో ఎంఓయూ (అవగాహన ఒప్పందం) కుదుర్చుకుని జాయింట్ డిగ్రీ మొదలుపెట్టాలని మా కమిటీ ఆలోచన. వీలవుతుందా?*
ఒక వైస్ ప్రిన్సిపాల్, కరీంనగర్

జాయింట్ డిగ్రీ ఆ దారిలో వీలు కాదు. యూజీసీ 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం ట్విన్నింగ్, జాయింట్ డిగ్రీ, డ్యుయల్ డిగ్రీ అని మూడు రకాలు ఉన్నాయి. ట్విన్నింగ్‌లో డిగ్రీ మీది, క్రెడిట్లలో ముప్పై శాతం దాకా అక్కడ చేయవచ్చు. జాయింట్ డిగ్రీలో ఇద్దరి పేర్లతో ఒకే పట్టా, ఒక్కో చోట కనీసం ముప్పై శాతం క్రెడిట్లు. మన వైపు న్యాక్‌లో (కాలేజీల నాణ్యతను అంచనా వేసే సంస్థ) 3.01 స్కోరో, ఎన్‌ఐఆర్‌ఎఫ్ అనే జాతీయ ర్యాంకుల్లో విశ్వవిద్యాలయాల విభాగంలో మొదటి వందలో చోటో ఉండాలి. అవతలి సంస్థ టైమ్స్ లేదా క్యూఎస్ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి వెయ్యిలో ఉండాలి. ఆ ర్యాంకులు విశ్వవిద్యాలయాలకు ఇచ్చేవి. రెండేళ్ళ కాలేజీలు ఆ పట్టికలోకే రావు. కనుక మీ మిత్ర కాలేజీ ఎంత మంచిదైనా ఈ తలుపు దానికి తెరుచుకోదు.

అలాగని నిరాశపడవలసిన పని లేదు, నిజానికి నాకు జాయింట్ డిగ్రీ మీద పెద్ద మోజు లేదు. ఫ్లైటు ఖర్చు, వీసా, అక్కడి ఫీజు భరించగలిగినవారు అరవై మంది తరగతిలో ఇద్దరో ముగ్గురో. మిగిలిన యాభై ఏడుగురికి దానివల్ల ఒరిగేది సున్న. ఎంఓయూ ఫైలును తెరిచి, సంతకాలు, శాలువాలు, గ్రూపు ఫోటో ఉన్న పేజీల తర్వాత ఒక్క కోర్సు పేరు, ఒక్క అధ్యాపకుని పేరు, ఒక్క తేదీ ఉందా అని చూడండి. అవి లేని ఎంఓయూలు నా సర్వీసులో మూడు చూశాను, మూడూ న్యాక్ బృందం వచ్చిన రోజు బయటికి వచ్చి మళ్ళీ బీరువాలోకి వెళ్ళాయి. అటానమస్ కాలేజీ కనుక మీ చేతిలో ఉన్న అసలు బలం సిలబస్ నిర్ణయించే కమిటీ, అంటే బోర్డ్ ఆఫ్ స్టడీస్. రెండు కోర్సుల్లో చెరొక ఉమ్మడి మాడ్యూల్‌కు ఇరవై మార్కులు కేటాయిస్తూ తీర్మానం చేయించండి. తర్వాత ఎంఓయూ రెండు పేజీలు చాలు.

*ప్రశ్న: ఒక విదేశీ కాలేజీ నుంచి పదిమంది విద్యార్థులు, ఇద్దరు అధ్యాపకులు మా పాలిటెక్నిక్‌కు నాలుగు రోజులు వస్తామంటున్నారు. కోట, వేయిస్తంభాల గుడి, రామప్ప చూపించి, సాంస్కృతిక కార్యక్రమం పెట్టి పంపిస్తే సరిపోతుందా?*
ఒక సివిల్ విభాగం లెక్చరర్, వరంగల్

గుడులు చూపించండి, కానీ గైడు పని మీ విద్యార్థులకు ఇవ్వండి. మీది సివిల్ విభాగం కావడం అదృష్టం. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి 2021 జులైలో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కిన సంగతి అందరికీ తెలుసు. అందులో ఇంజనీరింగు ఎంత ఉందో విద్యార్థికి ఎప్పుడైనా చెప్పామా? పునాది గుంతను ఇసుకతో నింపి బరువును దాని మీద కూర్చోబెట్టిన పద్ధతి, శిఖరం బరువు తగ్గించడానికి వాడిన, నీటిలో తేలేంత తేలికైన ఇటుక, ఈ రెండూ మీ సాయిల్ మెకానిక్స్, బిల్డింగ్ మెటీరియల్స్ పాఠాల్లోకి వచ్చేవే. వచ్చేవారిలో నిర్మాణ రంగంలో శిక్షణ పొందుతున్నవారు ఉంటే, ఇద్దరిద్దరిని జంటలు చేసి, మామూలు ఇటుకను, తేలికైన ఆధునిక బ్లాకును తూకం వేసి, నీటిలో ముంచి, సాంద్రత కట్టే పని మీ ల్యాబులో పెట్టండి. గుడికి వెళ్ళే ముందు రోజే ఈ ప్రయోగం చేయిస్తే మరుసటి రోజు వారు శిఖరం వైపు చూసే చూపు వేరుగా ఉంటుంది.

ఒక పూట వరంగల్‌లో దర్రీలు (జంపఖానాలు) నేసే కొత్తవాడకు తీసుకువెళ్ళండి. వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనకు వెళ్ళాయి. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రుద్రమదేవి కాలపు రాజ్యం గురించి రాస్తూ, ఇక్కడి వస్త్రం సాలెగూడంత పలుచన అని మార్కో పోలో మెచ్చుకున్నాడు. ఈ మూడు మాటలు చెప్పి ఊరుకుంటే మనకు గర్వం, వారికి ఆవులింత. మగ్గం దగ్గర కూర్చున్న పెద్దాయనను ఒక దర్రీకి ఎన్ని రోజులు పడుతుంది, నూలు ఎక్కడిది, చేతికి ఎంత మిగులుతుంది, కొడుకు ఈ పనిలో ఉన్నాడా అని అడగనివ్వండి. ముందే ఆయన అనుమతి తీసుకోండి, పోగొట్టుకున్న పని గంటలకు డబ్బు ఇవ్వండి. అక్కడి నుంచి నేరుగా గీసుగొండ, సంగెం వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు దారి పట్టండి. కొరియాకు చెందిన యంగ్‌వన్ కంపెనీ అక్కడ బట్టలు కుట్టించి విదేశాలకు పంపుతుంది. లోపలికి అనుమతి దొరకకపోతే గేటు బయట షిఫ్టు మారే వేళ నిలబడినా చాలు. బస్సులు దిగే అమ్మాయిల్లో ఒకరిద్దరు మీ పూర్వ విద్యార్థినులే అయి ఉండవచ్చు. వచ్చినవారిని తాము వేసుకున్న జాకెట్ల లేబుళ్ళు తిరగేసి, ఏ దేశంలో కుట్టారో చదవమనండి.

సాంస్కృతిక కార్యక్రమం గంటకు మించవద్దు. నాలుగో రోజు ఉదయం వక్తలను పిలవకుండా, రెండు వైపుల విద్యార్థులను ఒక గదిలో వదిలి, ఒక్కొక్కరు జవాబు దొరకని ప్రశ్న ఒకటి చార్టు మీద తమ భాషలో రాసి, పక్కన ఇంగ్లిష్‌లో రాయాలని చెప్పండి. ఆ చార్టును గోడ మీదే ఉంచండి. వారు వెళ్ళాక రెండో వారంలో పెట్టే మొదటి ఆన్‌లైన్ తరగతికి అదే ప్రశ్నపత్రం.